వార్‌క్రాఫ్ట్‌లో ప్రొఫెషన్లు మారబోతున్నాయా? ప్యాచ్ వచ్చేలోపు, వచ్చాక చేయాల్సిన పనులు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో కొత్త ఎక్స్‌పాన్షన్ (ఆటను విస్తరించే పెద్ద విడత) దగ్గర పడుతోందంటే క్రాఫ్టర్లు, అంటే ఆటలో వస్తువులు తయారు చేసి అమ్ముకునేవాళ్లు, రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు కనపడిన మూలికనల్లా, ఖనిజాన్నల్లా కొని బ్యాంకు నింపుతుంది. రెండో జట్టు ఎలాగూ అంతా మొదటికి వస్తుంది కదా అని ప్రొఫెషన్ (క్యారెక్టర్ నేర్చుకునే చేతివృత్తి) విండో తెరవడమే మానేస్తుంది. రెండూ నష్టమే.

2018లో బ్యాటిల్ ఫర్ అజెరోత్ వచ్చినప్పటి నుంచి ప్రతి ఎక్స్‌పాన్షన్‌కూ ప్రొఫెషన్ స్కిల్ విడిగా లెక్కిస్తున్నారు. పాత స్కిల్, పాత రెసిపీలు ఎక్కడికీ పోవు. కానీ కొత్త ఎక్స్‌పాన్షన్‌లో అందరితో పాటు మీరూ 1 నుంచే మొదలుపెట్టాలి. పాత నాలెడ్జ్ పాయింట్లు (ప్రొఫెషన్‌లో ప్రత్యేకత పెంచుకోవడానికి ఖర్చు చేసేవి) కొత్త దానిలో పనికిరావు, పాత ఖనిజంతో కొత్త కత్తి తయారవదు. మీ వెంట వచ్చేవి ముఖ్యంగా మూడు: గోల్డ్, లెవెల్ పెంచుకున్న క్యారెక్టర్లు, మార్కెట్ ఎలా నడుస్తుందో మీకున్న అవగాహన. కాబట్టి ప్యాచ్‌కు ముందున్న రోజుల్లో చేయాల్సిందల్లా చేతిలో ఉన్నదాన్ని వీలైనంత వరకు ఈ మూడింటిలోకి మార్చుకోవడమే. ఎలాగో వరుసగా చెబుతాను.

1. మార్పుల జాబితాను మూడు కుప్పలుగా విడదీయండి

ఆట తయారుచేసే కంపెనీ బ్లిజార్డ్ ఇచ్చే ప్యాచ్ నోట్స్‌లో (అప్‌డేట్‌లోని మార్పుల జాబితాలో) ప్రొఫెషన్ల కింద పది, ఇరవై లైన్లు ఉంటాయి. అన్నింటికీ ఒకే విలువ ఇవ్వకండి. తయారీ పద్ధతినే మార్చేవి ఒక కుప్ప. అంకెలు మాత్రమే మార్చేవి రెండో కుప్ప. మీరు చేసే వస్తువు ఎవరికి, ఎందుకు అవసరమో మార్చేవి మూడో కుప్ప. అందరూ మొదటి కుప్ప గురించే మాట్లాడుకుంటారు. మీ సంపాదనను నిజంగా దెబ్బతీసేది మూడోది.

సిరాతో రాసే వస్తువులు తయారు చేసే ఇన్‌స్క్రిప్షన్ సంగతి చూడండి. 2008లో రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్‌తో వచ్చిన ఈ ప్రొఫెషన్ చాలా ఏళ్లు గ్లిఫ్‌ల మీద బతికింది. గ్లిఫ్ అంటే స్పెల్ బలం పెంచేది, ప్రతి ఆటగాడికీ కావాల్సింది. 2016లో లీజియన్ వచ్చేసరికి గ్లిఫ్‌లు కేవలం స్పెల్ ఎలా కనిపించాలో మార్చే అలంకారాలుగా మిగిలాయి. దెబ్బ తగిలింది తయారీ పద్ధతి వల్ల కాదు. కొనేవాళ్లకు కొనాల్సిన అవసరమే పోయింది. అంతకుముందు 2014లో వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనోర్ ఇలాంటి పనే ఇంకోలా చేసింది. బ్లాక్‌స్మిత్‌కు సొంతంగా అదనపు సాకెట్లు (రత్నాలు పొదిగే చోట్లు), జ్యువెల్‌క్రాఫ్టర్‌కు ప్రత్యేకమైన రత్నాలు, ఇలా ప్రొఫెషన్ ఉన్నందుకు దొరికే యుద్ధ బలాలన్నీ తీసేసింది. కేవలం వాటి కోసమే ప్రొఫెషన్ పట్టిన రెయిడర్లకు (గుంపుగా పెద్ద శత్రువులతో పోరాడే రెయిడ్‌లకు వెళ్లేవాళ్లకు) అది ఒక్క రోజులో అక్కర్లేనిదైపోయింది.

అందుకే ప్రతి లైను చదివాక ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది వచ్చాక నా దగ్గర కొనేవాడు ఇంకా కొంటాడా? అవుననిపిస్తే మిగతాదంతా సర్దుకోవచ్చు. కాదనిపిస్తే ఆ సరుకు ఈ వారమే అమ్మేయండి.

తయారీ పద్ధతిలో పెద్ద మార్పు అంటే 2022 నవంబరు 28న వచ్చిన డ్రాగన్‌ఫ్లైటే. గేర్‌కు (కవచాలు, ఆయుధాలకు) అయిదు నాణ్యత స్థాయిలు, ముడిసరుకుకు మూడు, స్పెషలైజేషన్లు, పనిముట్లకు ప్రత్యేక స్లాట్లు, కావాల్సిన వస్తువు చేసిపెట్టమని అడిగే క్రాఫ్టింగ్ ఆర్డర్లు అన్నీ ఒకేసారి వచ్చాయి. 2024 ఆగస్టులో ది వార్ వితిన్ అందులోని ఇన్‌స్పిరేషన్ అనే అదృష్ట లెక్కను తీసేసి దాని స్థానంలో కాన్సంట్రేషన్ (ఖర్చు చేస్తే నాణ్యత ఖాయంగా పెరిగే, కాలంతో మళ్లీ నిండే పాయింట్లు) పెట్టింది. తర్వాతి ఎక్స్‌పాన్షన్ మిడ్‌నైట్‌లో ముడిసరుకు నాణ్యత స్థాయిలను మూడు నుంచి రెండుకు తగ్గించారు. ఇవి వరుసగా చూస్తే ఒకటి అర్థమవుతుంది: బ్లిజార్డ్ ఈ వ్యవస్థ ఎముకల గూడును అలాగే ఉంచి, అదృష్టం పాలు, చిల్లర లెక్కలు తగ్గిస్తూ వస్తోంది. రాబోయే మార్పును అంచనా కట్టేటప్పుడు ఈ దిశ గుర్తుంటే సగం పుకార్లు వాటంతటవే పక్కకుపోతాయి.

2. బ్యాంకు ఖాళీ చేయండి, కానీ గుడ్డిగా కాదు

ముందు అమ్మాల్సినవి ప్రస్తుత ఎక్స్‌పాన్షన్ వినియోగ వస్తువులు: ఫ్లాస్కులు, పోషన్లు (తాగితే బలమిచ్చే మందులు), రత్నాలు, ఎన్‌చాంట్లు (గేర్ బలం పెంచే మంత్రాలు). రెయిడ్‌కు వెళ్లేవాళ్లున్నంత కాలమే వాటికి గిరాకీ. ఎక్స్‌పాన్షన్ చివరి నెలల్లో గిల్డ్‌లు (ఆటగాళ్ల బృందాలు) ఒక్కొక్కటిగా విశ్రాంతి తీసుకుంటాయి. కొత్త దాని తేదీ ప్రకటించాక దుకాణం సర్దేసేవాళ్లంతా ఒకేసారి సరుకు దించుతారు. ఆ గుంపు కంటే ముందు మీరు అమ్మేయాలి. ధర ఇంకాస్త పెరుగుతుందేమోనని ఆగితే పెరగదు.

అమ్మే చోటు గురించి ఒక మాట. 2022 ఆగస్టు నుంచి మూలికలు, ఖనిజాలు, పోషన్లలాంటి కట్టలుగా అమ్మే సరుకంతా రీజియన్ మొత్తానికీ ఒకే మార్కెట్. మీ రెల్మ్ (మీరు ఆడే సర్వర్) చిన్నదైనా పెద్దదైనా వాటి ధర ఒకటే. కవచాలు, ఆయుధాల సంగతి అలా కాదు, అవి మీ రెల్మ్ పరిధిలోనే అమ్ముడుపోతాయి. చిన్న రెల్మ్‌లో ఉన్నవాళ్లకు అరుదైన ట్రాన్స్‌మాగ్ గేర్ (కేవలం రూపం కోసం కొనేది) పోటీ లేకుండా మంచి ధరకు పోవచ్చు, లేదా నెల రోజులు కదలకుండానూ ఉండొచ్చు. ఆక్షన్ హౌస్ (ఆటలోని అంగడి) ప్రతి అమ్మకంలో 5 శాతం కోసుకుంటుంది. సరుకు అమ్ముడుపోకపోతే డిపాజిట్ కూడా వెనక్కి రాదు. లాభం లెక్క ఇవి తీసేశాకే వేసుకోండి.

ఉంచుకోవాల్సినవీ ఉన్నాయి. సంచులు తయారయ్యే బట్టలు, మౌంట్లకు (ఎక్కి తిరిగే జంతువులు, వాహనాలకు) పనికొచ్చే పాత ఖనిజాలు, ట్రాన్స్‌మాగ్ కోసం జనం అడిగే పాత గేర్ సరుకు ఎక్స్‌పాన్షన్‌తో పాటు చచ్చిపోవు. పైగా ఆటలోకి ఇళ్లు వచ్చినప్పుడు పాత ఎక్స్‌పాన్షన్ల ప్రొఫెషన్లలో కూడా అలంకరణ వస్తువుల రెసిపీలు చేరాయి. ఏళ్ల తరబడి మూలన పడున్న సరుకుకు అనుకోకుండా గిరాకీ వచ్చింది. కాబట్టి ప్రతి పాత ముడిసరుకులో కొద్దిగా మీ క్యారెక్టర్లందరికీ ఉమ్మడిగా ఉండే వార్‌బ్యాండ్ బ్యాంకులో వేసి వదిలేయండి. అక్కడున్న ముడిసరుకును మీ క్యారెక్టర్లలో ఎవరైనా క్రాఫ్టింగ్‌కు నేరుగా వాడుకోవచ్చు, మెయిల్‌లో పంపుకునే పని లేదు.

కొత్త ఎక్స్‌పాన్షన్‌లో పనికొస్తుందని పుకారున్న పాత సరుకును మాత్రం కొనకండి. ఆ పుకారు మీ దాకా వచ్చిందంటే ధర అప్పటికే పెరిగిపోయి ఉంటుంది.

3. టెస్ట్ రెల్మ్‌లో ఒక సాయంత్రం గడపండి

బ్యాటిల్‌నెట్ లాంచర్‌లో ఆట వెర్షన్ ఎంచుకునే చోట పబ్లిక్ టెస్ట్ రెల్మ్ (రాబోయే మార్పులను ముందే పరీక్షించే సర్వర్) కనిపిస్తే దించుకోండి. అక్కడికి వెళ్లి కొత్త డంజన్లు చూడటం కాదు మన పని. ప్రొఫెషన్ విండో తెరిచి స్పెషలైజేషన్ చెట్టును (నాలెడ్జ్ పాయింట్లు పెట్టే కొమ్మల పటాన్ని) కొమ్మ కొమ్మకూ చదవండి. ఏ కొమ్మలో ఎన్ని పాయింట్లకు ఏ రెసిపీ తెరుచుకుంటుందో స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మీకు కావాల్సిన వస్తువుకు ఏ ముడిసరుకులు అడుగుతోందో రాసిపెట్టుకోండి. అంకెలు చివరి నిమిషం దాకా మారుతూనే ఉంటాయి, కాబట్టి వాటిని బట్టీ పట్టక్కర్లేదు. చెట్టు ఆకారం తెలిస్తే చాలు.

4. ఏ క్యారెక్టర్‌కు ఏ ప్రొఫెషన్?

ఒక క్యారెక్టర్‌కు రెండే ముఖ్య ప్రొఫెషన్లు. వంట, చేపలు పట్టడం వీటికి అదనం, వాటికి పరిమితి లేదు. మీరు ఆడేది ఒక్క క్యారెక్టరే అయితే ఒకటి సేకరణ, ఒకటి తయారీ పెట్టుకోమనే నేను చెబుతాను. మైనింగ్‌తో బ్లాక్‌స్మితింగ్, హెర్బలిజంతో ఆల్కెమీ అని పాతకాలం జోడీలు ఉన్నాయి కానీ, ఇప్పుడు ముడిసరుకు మార్కెట్ ఉమ్మడి అయ్యాక జోడీ కుదరడం అంత ముఖ్యం కాదు. మైనింగ్ చేస్తూ ఆల్కెమీ పెట్టుకున్నా ఖనిజం అమ్మి మూలికలు కొనుక్కోవచ్చు. మొదటి వారంలో సేకరించేవాళ్లకు వచ్చే డబ్బు తయారు చేసేవాళ్లకు రాదు. తయారీకి సరుకు కొనాలి, స్కిల్ లేక నాణ్యత రాదు. సేకరించేవాళ్లకు కోసిన ప్రతి మొక్కా గోల్డే.

ఆల్ట్‌లు (ముఖ్యమైనది కాక అదనంగా ఆడే క్యారెక్టర్లు) ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. కాన్సంట్రేషన్ ప్రతి క్యారెక్టర్‌కూ, ప్రతి ప్రొఫెషన్‌కూ విడివిడిగా ఉంటుంది. ది వార్ వితిన్‌లో దాని గరిష్ఠం 1000, ఖాళీ అయ్యాక నిండటానికి సుమారు నాలుగు రోజులు పట్టేది. మీరు ఆడినా ఆడకపోయినా నిండుతుంది. నిండాక మాత్రం పొంగి పోయినట్టే, మిగులు దాచుకునే వీల్లేదు. నలుగురు ఆల్ట్‌లకు తలా ఒక ఆల్కెమీ ఉంటే వారంలో రెండుసార్లు లాగిన్ అయి నలుగురి కాన్సంట్రేషన్ ఖర్చు చేయొచ్చు. ప్యాచ్‌కు ముందు ఖాళీగా ఉన్న రోజుల్లో ఆల్ట్‌ల లెవెల్ పెంచుకోవడం కంటే మంచి పెట్టుబడి నాకు కనిపించదు.

పాత ప్రొఫెషన్ వదిలేసి కొత్తది నేర్చుకుందామనుకుంటే ముందు మీ పాత రెసిపీల జాబితా చూసుకోండి. ఇప్పుడు దొరకని రెసిపీ ఒక్కటున్నా వదలకండి. కొత్త ప్రొఫెషన్‌ను ఇంకో ఆల్ట్‌కు నేర్పండి.

5. నాలెడ్జ్ పాయింట్లు: ఇక్కడ తొందరపడితే నెలలు పోతాయి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

స్కిల్ 100కి చేర్చడం డబ్బుతో అయ్యే పని. నాలెడ్జ్ అలా కాదు, అది కాలంతో వస్తుంది. కొంత ఒక్కసారే దొరుకుతుంది: ప్రపంచంలో అక్కడక్కడ దాచిన ప్రొఫెషన్ వస్తువులు, మొదటిసారి ఒక వస్తువు తయారు చేసినప్పుడు వచ్చే పాయింట్, అమ్మకందారుల దగ్గర కొనే పుస్తకాలు. మిగతాది వారం వారం వస్తుంది: వారపు క్వెస్ట్, ఇన్‌స్క్రిప్షన్ వాళ్లు రాసే ట్రీటీస్ అనే పుస్తకం, లోకంలో తిరుగుతుంటే దొరికేవి. ఉత్తర అమెరికాలో మంగళవారం, యూరప్‌లో బుధవారం వారం మారుతుంది. ఏ సర్వర్‌లో ఆడుతున్నారో చూసుకుని ఆ లోపు వారపు పనులు ముగించండి. ది వార్ వితిన్‌లో వెనకబడినవాళ్లు అందుకోవడానికి దారి పెట్టారు, కానీ ముందున్నవాడికి మొదటి నెలలో వచ్చే ఆదాయం వెనకబడినవాడికి ఎప్పటికీ రాదు.

ఇంతకీ ఆ పాయింట్లు ఎక్కడ పెట్టాలి? డ్రాగన్‌ఫ్లైట్ వచ్చినప్పుడు పెట్టిన పాయింట్‌ను వెనక్కి తీసుకునే వీలు లేదు. నాలుగు కొమ్మల్లో తలా కొంచెం పెట్టినవాళ్లు దేనిలోనూ పై నాణ్యత అందుకోలేక చాలా వారాలు కూర్చున్నారు. ఒక్క కొమ్మను చివరిదాకా పట్టుకోవాలన్నది అప్పటి నుంచి మారలేదు.

ఆ కొమ్మ ఏదన్నది మీరు అమ్మాలనుకునేదాన్ని బట్టి ఉంటుంది. ఆక్షన్ హౌస్‌లో పెట్టి మర్చిపోవాలనుకుంటే పదే పదే ఖర్చయ్యే వస్తువు పట్టుకోండి: ఆల్కెమీలో ఫ్లాస్కులు లేదా పోషన్లు, ఏదో ఒకటే. వీటికి మల్టీక్రాఫ్ట్, రిసోర్స్‌ఫుల్‌నెస్ పెంచే పాయింట్లు ముఖ్యం. ఒకటి అదనపు వస్తువు ఇస్తుంది, ఇంకొకటి సరుకు మిగులుస్తుంది, లాభమంతా ఈ రెంటిలోనే ఉంటుంది. మనుషులతో మాట్లాడి ఆర్డర్లు తీసుకోవడం ఇష్టమైతే గేర్ వైపు వెళ్లండి. అక్కడ మల్టీక్రాఫ్ట్‌తో పనిలేదు, నేరుగా స్కిల్ పెంచే పాయింట్లే కావాలి. బ్లాక్‌స్మిత్ ప్లేట్ కవచం, ఆయుధాలు రెండింటిలోకీ ఒకేసారి దూకకూడదు. మీ గిల్డ్‌లో ఇప్పటికే ఆయుధాలు చేసేవాడుంటే మీరు కవచం తీసుకోండి. లెదర్‌వర్కింగ్‌లో లెదర్, మెయిల్ రెండూ ఉంటాయి, అక్కడా అదే సూత్రం. రెండో కొమ్మ మొదటిది నిండాకే.

6. మొదటి రోజు స్కిల్ పెంచేటప్పుడు

రెసిపీ పేరు నారింజ రంగులో ఉంటే స్కిల్ తప్పక పెరుగుతుంది. పసుపైతే తరచుగా, ఆకుపచ్చైతే అరుదుగా, బూడిద రంగైతే పెరగదు. ఇది 2004 నుంచీ ఉన్నదే. ట్రైనర్ దగ్గర దొరికే రెసిపీలన్నీ ముందు ఒక్కోసారి చేయండి. మొదటి తయారీకి నాలెడ్జ్ కూడా వస్తుంది కాబట్టి ఆ ఖర్చు వృథా కాదు. దాని తర్వాత ఒక స్థాయి దగ్గర సరుకు ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. అక్కడ ఆగిపోండి. మూడు నాలుగు రోజుల్లో సేకరించేవాళ్ల సరుకు మార్కెట్‌లో పేరుకుని ధరలు దిగుతాయి. సర్వర్‌లో మొదటి 100 మీదే కావాలన్న పంతం ఉంటే తప్ప మొదటి రాత్రి గోల్డంతా తగలెయ్యక్కర్లేదు. స్కిల్ పెంచడానికి తక్కువ నాణ్యత సరుకు చాలు.

యాడాన్లు (ఆటకు అదనంగా పెట్టుకునే చిన్న ప్రోగ్రాములు) ప్యాచ్ రోజున పనిచేయకపోవచ్చు. ఆక్షనేటర్, క్రాఫ్ట్‌సిమ్ లాంటివి వాడేవాళ్లు ఆ ఒకటి రెండు రోజులు మామూలు విండోతోనే నెట్టుకురావడానికి సిద్ధంగా ఉండాలి. టెన్షన్ పడక్కర్లేదు.

7. ఆర్డర్లు తీసుకోవడం, కాన్సంట్రేషన్ ఖర్చు పెట్టడం

ఆటగాళ్లు పెట్టే ఆర్డర్లు మూడు రకాలు: పబ్లిక్, గిల్డ్, పర్సనల్. గట్టి గేర్‌కు కావాల్సిన స్పార్క్ లాంటి ముడిసరుకు కొనేవాడి పేరు మీదే ఉంటుంది, మీకు ఇవ్వలేడు. అతను ఆర్డర్‌లో పెడతాడు, మీరు చేసి పంపుతారు. కమీషన్ ముందే ఆర్డర్‌లో చేరుతుంది కాబట్టి పని అయ్యాక డబ్బు ఎగ్గొట్టే అవకాశం లేదు. అందుకే "ముందు ట్రేడ్‌లో గోల్డ్ ఇవ్వండి" అనే క్రాఫ్టర్‌ను, "పని చేసిపెట్టండి, తర్వాత మెయిల్ చేస్తా" అనే కొనుగోలుదారును ఇద్దరినీ దూరం పెట్టండి. పర్సనల్, గిల్డ్ ఆర్డర్లలో కనీస నాణ్యత అడగొచ్చు. ట్రేడ్ చాట్‌లో మీ ప్రకటన పెట్టేటప్పుడు ఏ వస్తువు, ఏ నాణ్యత ఖాయం, కమీషన్ ఎంత అన్న మూడూ ఒకే లైన్‌లో చెప్పండి. పబ్లిక్ ఆర్డర్లు తీసుకోవడానికి పరిమితి ఉంటుంది, చిల్లర కమీషన్ల మీద దాన్ని ఖర్చు చేయకండి.

కాన్సంట్రేషన్‌ను మాత్రం డబ్బులా చూడాలి. దాన్ని వాడితే వస్తువు ఒక మెట్టు పై నాణ్యతకు వెళ్తుంది. ఏ వస్తువు మీద వాడాలో తేల్చుకునే లెక్క చిన్నదే: పై నాణ్యత ధరలోంచి కింది నాణ్యత ధర తీసేసి, ఖర్చయ్యే కాన్సంట్రేషన్‌తో భాగించండి. ఉదాహరణకు ఒక ఫ్లాస్కు 400 గోల్డ్ నుంచి 700కు వెళ్తూ 150 కాన్సంట్రేషన్ తింటే పాయింట్‌కు 2 గోల్డ్. ఇంకో పోషన్ 80 నుంచి 200కు వెళ్తూ 40 తింటే పాయింట్‌కు 3 గోల్డ్. పెద్ద అంకె చూసి ఫ్లాస్కు చేసేవాళ్లే ఎక్కువ, డబ్బు మాత్రం పోషన్‌లో ఉంది. ఈ లెక్క వారానికోసారి మళ్లీ వేయాలి, ధరలు ఆగి ఉండవు. మీ స్కిల్ పెరిగే కొద్దీ అదే వస్తువుకు తక్కువ కాన్సంట్రేషన్ చాలుతుంది కాబట్టి ఈ భాగహారం ఫలితం కూడా మారుతూ ఉంటుంది.

8. రెయిడ్ తెరిచే వారం

కొత్త ఎక్స్‌పాన్షన్‌లో మొదటి రెయిడ్ మొదటి రోజే తెరవరు. డ్రాగన్‌ఫ్లైట్‌లోనూ ది వార్ వితిన్‌లోనూ సుమారు రెండు వారాల తర్వాత తెరిచారు. మొదటి రోజుల్లో చేసిన ఫ్లాస్కులు, పోషన్లు, ఎన్‌చాంట్లను వెంటనే పారబోసినట్టు అమ్మేయకుండా సగం ఆ వారం కోసం పక్కన పెట్టుకోండి. రెయిడ్ తెరిచే ముందు సాయంత్రం గిల్డ్‌లన్నీ ఒకేసారి కొంటాయి. లిస్టింగ్‌కు 12, 24, 48 గంటల గడువులు ఉంటాయి, 12 పెట్టండి. చిన్న కట్టలుగా కొంచెం కొంచెం వేస్తూ ధర పడుతోందనిపిస్తే ఆపండి, ఎక్కుతోందనిపిస్తే మిగతాది రెండో రాత్రికి దాచండి. మొదటి రాత్రి రెయిడ్‌లో చచ్చి చచ్చి సరుకంతా తాగేసినవాళ్లు మర్నాడు మళ్లీ కొనడానికి వస్తారు.